పైకి లేవని ముల్లు

మొన్న ఆదివారం ఉదయం పది గంటలకు, ఉప్పల్ కూడలిలో మెట్రో స్తంభాల నీడన మా ఆటో ఆగినప్పుడు, పక్కనే నిలిచిన డీజిల్ పికప్ బండిలో స్టీరింగ్ పక్కన బిగించిన ఒక గుండ్రని గేజ్ నా కంటపడింది. పచ్చ దీపం పడగానే డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కాడు, దాని ముల్లు వణుకుతూ పైకి లేచింది. ఆ తరువాత నేను దిగవలసిన చోటు ఎప్పుడు దాటిపోయిందో నాకు తెలియలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నాచారంలో ఒక కంపెనీ లెక్కల విభాగంలో చేరిన కొత్తలో, ప్రతి ఉదయం నన్ను ఆఫీసు గేటు దగ్గర దింపింది మా నాయిన పికప్ బండే. అక్కడి ఫ్యాక్టరీలలో ఇనుప పైపులు ఎత్తుకొని నాగోలు వైపు దుకాణాలకు చేరవేయడం ఆయన పని. ఉప్పల్ నుంచి నాచారం దాకా నేను ఆఫీసు సంగతులన్నీ ఏకరువు పెడుతుంటే, సిగ్నళ్ళ దగ్గర ఆయన నా పెదవుల వంక చూస్తూ, చిరునవ్వుతో తల ఊపేవాడు. అది మురిపెమని అనుకొనేదాన్ని.

ఆ కాలపు డ్రైవర్లు మీటర్లు చూసి కాదు, చెవితో బండి నడిపేవారన్నది నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో సన్నగా ఈల మొదలుపెట్టి, ఆ ఈల ఒక స్థాయికి చేరగానే, నాయిన చేయి తనంతట తానే గేరు మీదికి వెళ్ళేది. అటువంటి మనిషి బండిలో ఏడాది తిరగకుండా రెండు టర్బోలు పాడయ్యాయి. నాచారంలో మెకానిక్ షెడ్డు నడిపే మా బావ, అంటే అక్క భర్త, రెండవదాన్ని విప్పి చూసి మొహమాటం లేకుండా అనేశాడు.

"మామా, టర్బోది తప్పు గాదు. నీ కాలుది తప్పు."

"నువ్వు నిక్కర్లేసుకున్ననాటి సంది నడుపుతున్న అల్లుడా, నాకే నేర్పుతున్నవా?"

మామా అల్లుళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. అక్క మా ఇంటికి రావడానికే జంకింది. చివరకు బావే దారి చెప్పాడు: టర్బో ఎంత ఒత్తిడితో గాలి నెడుతోందో చూపే బూస్ట్ గేజ్ ఒకటి బిగిద్దాం, ముల్లు హద్దు దాటితే కాలుది తప్పు, అసలు లేవకుంటే టర్బోది, అదే తీర్పు అని. నాయిన వెంటనే ఒప్పుకున్నాడు. "నా కాలుదే తప్పని తేలితే మళ్ల స్టీరింగ్ ముట్ట" అని అందరి ముందూ అన్నాడు. ఆ సీటులో తప్ప మరెక్కడా ఆయన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అందుకే ఆ మాట నా గుండెలో రాయిలా పడింది.

ఒక శనివారం ఒంటిపూట ఆఫీసు ముగించుకొని షెడ్డుకు వెళ్ళేసరికి, బండి మీద పైపుల లోడు సిద్ధంగా ఉంది. బావ నన్ను చూసి, "రా మరదలా, నీ డిగ్రీ ఇయ్యాల పనికొచ్చింది, ఆ ఇంగ్లీషు కాయితం జర సదువు" అని నవ్వాడు. గేజ్‌తో వచ్చిన ఆ కాగితాన్ని నేను ప్రశ్నపత్రం చదివినంత శ్రద్ధగా చదివి చెబుతుంటే, బావ ఇంజిన్‌కు గాలి వెళ్ళే గొట్టాన్ని కోసి మధ్యలో మూడు మూతుల ముక్క పెట్టి, క్లిప్పులు బిగించి, దాని నుంచి ఒక సన్నని గొట్టాన్ని వైర్లు దూరే రంధ్రం గుండా క్యాబిన్‌లోకి లాగి గేజ్‌కు తగిలించాడు. నాయిన చేతులు కట్టుకొని దూరంగా నిలబడ్డాడు. ఒక్క పానా కూడా అందించలేదు.

ముగ్గురం ఎక్కాము. నేను మధ్యలో కూర్చున్నాను. నాచారం దాటి ఎత్తు మొదలుకాగానే నాయిన కళ్ళు ముల్లు మీద నిలిచాయి. ముల్లు సున్నా మీద కదలకుండా ఉంది.

"లేస్తలేదు సూడు అల్లుడా! టర్బోల దమ్ము లేకుంటే నా కాలేం జేస్తది?" అని గెలిచినవాడిలా ఇంకాస్త నొక్కాడు.

ఈల లేచింది. గేరు మార్చవలసిన స్థాయి దాటింది, నేను ఎన్నడూ విననంత పైకి పోయింది. క్యాబిన్ అంతా ఆ కేక నిండిపోయింది. నాయిన మాత్రం ఆ చచ్చిన ముల్లు వంకే ప్రశాంతంగా చూస్తూ నొక్కుతూనే ఉన్నాడు.

"మామా! కాలు తియ్!"

నాయిన తల తిప్పలేదు. బావ మళ్ళీ అరిచాడు. వెనుక ఎక్కడిదో బస్సు హారన్ ఎడతెగకుండా మోగుతోంది, మా బండి మాత్రం నడిరోడ్డునే పోతోంది. నేను నాయిన మోకాలి మీద చేయి వేసి గట్టిగా కుదిపాను. ఆయన ఉలిక్కిపడి కాలు తీశాడు. బస్సు మమ్మల్ని రాసుకుంటూ దాటిపోయింది.

బండి పక్కకు ఆగింది. బావ వంగి, గేజ్ వెనుక చేయి పెట్టి తడిమి, "గొట్టం మడత వడ్డది మామా, గందుకే ముల్లు లేవలే" అని మాత్రం, నాయినకు ఎదురుగా ముఖం పెట్టి, మెల్లగా చెప్పాడు.

నాయిన బావను కాక నన్ను అడిగాడు. "టర్బో అరుస్తుండెనా బిడ్డా?"

తల ఊపాను. ప్రతి ఉదయం ఆయన నాకు ఊపినట్టే.

మడత సరిచేశాక ముల్లు చక్కగా పనిచేసింది. కంటితో దాన్ని చూస్తూ నాయిన ఆ లోడును నాగోలు దాకా ఎంత నేర్పుగా నడిపాడంటే, ఇక భయం లేదని, స్టీరింగ్ ముట్టనన్న పందెం రద్దయినట్టేనని బావ నవ్వుతూ అన్నాడు కూడా. పైపులు దించాక నాయిన తాళాలు తీసి బావ చేతిలో పెట్టాడు.

"ముల్లు టర్బో సంగతి జెప్తది. ఎనకొచ్చే బస్సు సంగతి ఎవలు జెప్తరు?"

తిరుగు ప్రయాణంలో ఆయన ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు. అన్నాళ్ళూ నేను చెప్పిన కబుర్లలో ఆయన చెవికి చేరినవి ఎన్నో నాకు తెలియదు. అయినా ఒక్కనాడూ చాలించమనలేదు.

ఇప్పటి బండ్లలో అన్నీ తెరల మీదే కనిపిస్తున్నాయి, ఈల కోసం చెవి రిక్కించే పని ఎవరికీ లేదు. మా నాయిన లేడు, ఆ బండీ లేదు. ఆ సాయంత్రం నుంచి, ఆయన ఉన్నన్నాళ్ళూ, మా ఇంట్లో ఎవరూ ఆయన్ని వెనుక నుంచి పిలవలేదు. ఎదుటికి వెళ్ళి మాట్లాడాము. ఆ సోమవారం నుంచి నేను ఆఫీసుకు సిటీ బస్సులో వెళ్ళాను.