తప్పెట గుర్తు

ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజులు. దువ్వాడ స్టేషన్లో రేకు తప్పెట వాయిస్తూ ఆడే ఒక తప్పెటగుళ్ల కళాకారుడు నా పక్కన కూర్చున్నాడు. తన జట్టంతటికీ ఒకే కాలనీలో ఇళ్లు ఇమ్మని అడిగాడట. ఊరి కళకు ఆధారం చూపితే ఇస్తామని సర్కారువాళ్లు ఒక ఆఫీసరును పంపారట.

"పాత తప్పెటలు సూపించమన్నాడు బాబూ. రేకు అరిగిపోతే పారేసి కొత్తది కొట్టించుకుంటాం, పాతవేటుంటాయన్నాను. ఈ ఊళ్లో కాపాడాల్సిందేటీ లేదని రాసుకుపోనాడు. జట్టు నాలుగు దిక్కులైపోనాది."

బాబాలనూ స్వాములనూ ఆధారం అడిగి నిలదీసే అలవాటు నాది. ఆయన్నీ అడిగాను.

"ఇంకే ఆధారమూ లేదా?"

చొక్కా గుండీలు విప్పాడు. ఏళ్ల తరబడి తప్పెట కట్టిన ఛాతీ మీద, రేకు అంచు ఒరిపిడికి చర్మం గుండ్రంగా, నల్లగా కాయకాచి ఉంది.

"ఇది ఆఫీసరుకు చూపించలేదా?"

"ఆయనొస్తన్నాడనే కొత్త సొక్కా తొడుక్కున్నాను బాబూ. పెద్దోళ్ల ముందు ఇప్పుతామేటి?"

రైలొచ్చింది. గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆధారం లేనిదే దేన్నీ నమ్మను, ఇప్పటికీ. కానీ ఎవరైనా ఆధారం లేదని తేల్చేస్తే, ఎక్కడ వెతికారని ముందు అడుగుతాను.