శ్రుతి దించే మావయ్య

కళ్ళద్దాల షాపు మావయ్యకి ఒకటే జబ్బు, శ్రుతి దించడం. దించి ఊరుకుంటాడా, దానికో కారణం కూడా చెబుతాడు.

ఆయన ముగ్గురు కూతుళ్ళు, ఒక మేనల్లుడు కలిసి వాయిద్యం ఊసే లేకుండా నాలుగు గొంతులతో పాడేవాళ్ళు. పాటకి ముందు శ్రుతి ఇచ్చేది మావయ్యే. షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను ఆపేసి సాధన. పై స్వరం పదిహేనేళ్ళ మేనల్లుడిది. అది వినడానికే జనం ఎగబడేవాళ్ళు. పెళ్ళిళ్ళయ్యాయి, వార్షికోత్సవాలయ్యాయి, రేడియోవాళ్ళూ పిలిచారు. వాడికి ఆ జట్టే లోకం.

సరిగ్గా అప్పుడే మావయ్యకి జబ్బు మొదలైంది.

"నాన్నా, శ్రుతి తగ్గింది," అంది అడుగు స్వరం పాడే పెద్దమ్మాయి.

"ముసురు పట్టింది కదమ్మా. తడిగాలికి స్వరం బరువెక్కుతుంది."

ఆపై వారం ఇంకాస్త కిందకి. "ఈ హాలు కప్పు తక్కువ, పైకి పాడితే తగులుతుంది." పెళ్ళిలో మరీ కిందకి. "భోజనాలు చేసిన జనం. పై స్వరాలు అరగవు." డాక్టరు మందుచీటీ రాసినంత గంభీరంగా చెప్పేవాడు.

మేనల్లుడు మాత్రం లోలోపల దణ్ణం పెట్టుకునేవాడు. వాడి గొంతు బొంగురుపోతోంది. మావయ్య చెవులు పాడైపోబట్టి గానీ, లేకపోతే ఎప్పుడో పట్టుబడిపోయేవాడు.

చివరికి పెద్ద పోటీలో మావయ్య శ్రుతి ఎంత కిందకి దించాడంటే, పెద్దమ్మాయి నోరు కదిలింది గానీ శబ్దం రాలేదు. హాలంతా నవ్వింది.

"నాన్నకి చెవులు పోయాయి. ఇంక మేం పాడం," అంది తెర వెనక, కళ్ళు తుడుచుకుంటూ. చెల్లెళ్ళు తలూపారు. జట్టు విడిపోయింది.

తప్పు తనదని చెప్పబోయాడు మేనల్లుడు. మావయ్య వాడి కాలు తొక్కి, "అవునమ్మా, వయసైపోయింది," అన్నాడు. ఆయన చెవులు బాగానే ఉన్నాయని అప్పటికి గానీ వాడికి తెలిసిరాలేదు.

మర్నాడు షాపుకొచ్చి అడిగాడు. "నన్ను తీసేస్తే జట్టు నిలబడేదిగా, మావయ్యా?"

"తీసేస్తే నువ్వు మళ్ళీ నోరు విప్పేవాడివా? నీ గొంతు కుదురుకోగానే అడుగు స్వరం నీకిచ్చి, పెద్దదాన్ని పైకి పంపుదామనుకున్నాను. ఈలోగా దాని గొంతే అడుగంటిపోయింది, పాపం. సరేగానీ, ఏదీ, ఓ చరణం పాడు."

వాడు భయపడుతూనే పాడాడు. నిండుగా, గంభీరంగా వచ్చింది గొంతు. వాడే నమ్మలేకపోయాడు.

గుమ్మంలో పెద్దమ్మాయి మూతి ముడుచుకుని నించుంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టే ఉంది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, వాడి పక్కన చేరింది.

"నాన్నా, ఇకనుంచి శ్రుతి నేనిస్తాను," అంది. "నువ్వు అద్దాలు తుడుచుకో."