గడప మీద దూది తుమ్ములు

ఆ రోజుల్లో మా ఇంట్లో గడప దాటడం సామాన్యమైన పని కాదు. బనగానపల్లెలో మా నాయనకు కిరాణా అంగడి ఉండేది. అది తెరవడానికి ఆయనకు తాళంచెవితోపాటు మంచి శకునం కూడా కావాలి. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే వెనక్కి వచ్చి, కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ లేవాలి. (జంట తుమ్మైతే దోషం లేదు. అందుకే మా అవ్వ ఒకసారి తుమ్మితే రెండోదానికోసం అందరం ఆమె ముక్కువైపే చూసేవాళ్లం.) అలాంటి ఇంటికి నేను ఏడ్చి, అలిగి ఒక కుందేలును తెప్పించుకున్నాను. పేరు దూది. వచ్చిన కొన్నాళ్లకే దానికి జలుబు చేసింది.

కుందేలుకు జలుబేమిటని మీరు నవ్వొచ్చు, నేనూ నవ్వాను. నాయన చెప్పులు వేసుకుంటే చాలు, వసారాలో గూట్లోంచి తుమ్ము వినబడేది. నీళ్లు తాగీ తాగీ ఆయన అంగడి చేరేసరికి బాగా పొద్దెక్కేది. "దీన్ని ఎవరికన్నా ఇచ్చేద్దాం పాపా, బేరాలన్నీ ఎదురంగడికి పోతాండాయి" అని గొణిగేవాడు. అవ్వ పసుపు వేసిన వేడినీళ్లు తెచ్చి దానికి ఆవిరి పట్టింది. దూది ఇంకా గట్టిగా తుమ్మింది.

ఒక ఉదయం అది మేత ముట్టలేదు. ప్రాణమైన కొత్తిమీర పెట్టినా మొహం తిప్పుకుని, డొక్కలెగరేస్తూ మూలన ముడుచుకుంది. నాకు భయమేసి ఏడుపందుకున్నాను. నాయన అంగడి మాట మరిచి, దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి లేచాడు. గడప మీద కాలు పెట్టాడో లేదో, బుట్టలోంచి తుమ్ము. వెనక్కి వచ్చాం, కూర్చున్నాం, నీళ్లు తాగాం. మళ్లీ లేచాం, మళ్లీ తుమ్ము. వైద్యానికి పోదామంటే రోగే అడ్డం!

"ఇట్లే కూచుంటే అది సచ్చిపోతాది నాయనా!" అన్నాను. ఆయన దిక్కుతోచక అవ్వ వైపు చూశాడు. మా ఇంటి శకునాలకు పెద్దదిక్కు ఆమే. అవ్వ బుట్టలోకి తొంగి చూసి, "పడిశం తుమ్ముకు శకునం లేదురా. పడిశం పట్టినోళ్లు తుమ్మక పాటలు పాడతారా? లెయ్, పో" అంది. (ఈ మినహాయింపు అంతకుముందు మేమెవ్వరం వినలేదు.)

ఆస్పత్రిలో డాక్టరమ్మ దాని ముక్కు కన్నా ముందు ముందరి కాళ్లు తిప్పి చూసింది. లోపలివైపు వెంట్రుకలు తడిసి జడలు కట్టాయి. "ముక్కు కారితే ఇది కాళ్లతోనే తుడుచుకుంటాది. నోటితో సరిగ్గా గాలి పీల్చలేదమ్మా, అందుకే ముక్కు మూసుకుంటే తిండీ మానేస్తాది" అంది. నేను ఏడుపు మానేసి నోరు తెరుచుకుని విన్నాను. గూట్లో ఏం పరిచారని అడిగితే, "శనక్కాయ పొట్టు, శానా మెత్తగా ఉంటాది" అని నాయన గొప్పగా చెప్పాడు. "ఆ దుమ్మే శానా చెడ్డది. తీసేసి ఎండుగడ్డి పరచండి. మన మాత్రలు మాత్రం దాని నోట్లో వెయ్యొద్దు" అని సూది వేసింది. ఆమె చెప్పినన్నాళ్లూ సూదులు వేయించాం. ముక్కు తుడిచే పని అవ్వ ఎవరికీ ఇవ్వలేదు.

దూది కోలుకుంది. ఒకరోజు నాయన గడప మీద కాలు పెట్టి ఆగిపోయాడు. "ఏం నాయనా?" అంటే, "ఏం లేదు, తుమ్ముతాదేమోనని" అన్నాడు. దూది తలెత్తకుండా కొత్తిమీర నములుతోంది. ఆయన కాస్త వెలితిగానే అంగడికి పోయాడు.

ఇప్పుడు నేను కర్నూలులో ఉద్యోగం చేస్తున్నాను. శకునాలు నమ్మనని అందరికీ చెబుతాను. మొన్న ఆఫీసుకు బయల్దేరుతుంటే మా ఆయన తుమ్మాడు. వెనక్కి వచ్చి ఆయన చేతులు తిప్పి చూశాను. "ఏమిటి?" అన్నాడు. ఏమీ లేదని చెప్పి, కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగాను.