హర్రాజు గారి ఓడ

ముందే చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. భగవద్గీత మీద చెయ్యి వేసి ప్రమాణం చేద్దామనుకున్నాను. అది పై అరలో ఉంది, స్టూలేమో పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు. అందుకని మా ఆవిడ ఇప్పుడే వేయించిన అప్పడాన్ని అరచేతిలో పెట్టుకుని ఒట్టేస్తున్నాను. అప్పడం విరగలేదు. కాబట్టి నమ్మండి.

అరవైల చివర్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి, పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో చేరాను. యంత్రాలకు రంగు కొట్టి పైన వార్నిష్ పూయడం నా పని. ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, పెళ్లయిన మూడో నెలలో మా ఆవిడను తెచ్చుకున్నాను. ఆమెకు ఈ ఊరు పడలేదు. మాట అంతకన్నా పడలేదు. పక్కింటావిడ ప్రేమగా "జెర పైలం బిడ్డా" అని జాగ్రత్త చెబితే, ఏదో తిట్టిందనుకుని రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు వాళ్ల నాన్నకు ఉత్తరం రాసింది.

జవాబుగా కార్డు వచ్చింది. "ఆదివారం వస్తున్నాను. కాపురం చూస్తాను. బాగా లేదనిపిస్తే అమ్మాయిని వెంట తీసుకెళ్తాను."

మా మామగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. మంచి బొమ్మ లేని ఇల్లు కిటికీ లేని ఇల్లని పెళ్లిలో పది మంది ముందు అన్నారు. మా గదికి కిటికీ కూడా లేదు. కిటికీ పెట్టించడం నా చేతిలో పని కాదు, బొమ్మ ఒక్కటే దారి.

శుక్రవారం ఫ్యాక్టరీలో నా మొహం చూసి, పక్కన పనిచేసే కర్దనూర్ కుర్రాడు అడిగాడు.

"గంత పరేషాన్ ఎందుకే అన్నా? రేపు సంగారెడ్డిల హర్రాజు పటాలున్నయ్. పెద్దపెద్దయి. అగ్గువకొస్తయ్."

అగ్గువంటే చవకని అప్పటికే నేర్చుకున్నాను, హర్రాజు మాత్రం కొత్త. నాకు తెలిసిన రాజులందరూ భీమవరం చుట్టుపక్కలవాళ్లే. హర్రాజంటే హరిరాజే అయ్యుంటాడు, ఇక్కడివాళ్ల నోట్లో పడి కాస్త నలిగాడనుకున్నాను. మావైపువాడు, పైగా చిత్రకారుడు! ఆయనెవరని అడిగితే నేను చులకనైపోనూ?

"హర్రాజువా! అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు" అన్నాను.

వాడు వింతగా చూశాడు. "కండ్లు మూసుకుంటవా? హర్రాజు కాడ కండ్లు తెరుసుకొనే ఉండాలె అన్నా."

శనివారం వాడికి డ్యూటీ. నేను సెలవు పెట్టి ఒక్కడినే సంగారెడ్డి వెళ్లాను. ఒక పాత బంగళా ఆవరణలో షామియానా వేసి ఉంది. తీరా చూస్తే అక్కడ జరుగుతున్నది వేలంపాట. ఇంతటి కళాకారుడికి బొమ్మలు వేలం వేసుకునే గతి పట్టిందే అని జాలిపడ్డాను. పాట పెట్టేవాడు బుగ్గన పాన్‌తో స్టూలెక్కి మొదలుపెట్టాడు.

"సాబ్, ఈ పటాలు గల్లీల పటాలు గావు. సముద్రంల తిరిగే పెద్ద ఓడల ఉండె. దొరలు ఎండపూట సర్బత్ తాక్కుంట వీటికోసం కొట్లాడిండ్రు!"

అందరికీ చాయ్ ఇచ్చారు. నేనూ తాగాను. ఆపైన ఒక పెద్దాయన లేవబోతే పాన్‌వాడు ఆపాడు. "చాయ్ తాగి పోతే చాయ్ ఇజ్జత్ ఏంగావాలె? ఓడెక్కినోడు నడిమిట్ల దిగుతడా? కూసో పెద్దయ్యా!" అప్పటికే గేటు మూశారు. గాలికి షామియానా రెపరెపలాడుతుంటే, నిజంగానే నడిసముద్రంలో ఉన్నట్టు నా తల తిరిగింది.

అప్పుడు పైకెత్తాడు ఆ బొమ్మను. నీలి సముద్రం, తెల్ల ఓడ. పైన నిగనిగ. దగ్గరకెళ్లి వాసన చూశాను. రోజూ నా చేతులకు అంటుకునే వాసనే. ఆహా, గొప్పవాళ్లూ మేమూ వాడేది ఒకటే వార్నిషన్నమాట అని పొంగిపోయాను తప్ప, బుర్ర మాత్రం వెలగలేదు.

"ఇది అసలు హర్రాజుదేనా?" అన్నాను.

"అరె సాబ్, హర్రాజుది గాకపోతే ఇంకేంది? ఈడున్నవన్నీ హర్రాజువే!"

పాట మొదలైంది. వెనకాల ఎర్ర రుమాలు చుట్టుకున్న మనిషి ఒకడు నా మీద పాడుతూనే ఉన్నాడు. నేను ఆగినప్పుడల్లా పాన్‌వాడు చెవి గోక్కున్నాడు, ఎర్ర రుమాలు ఇంకొంచెం పెంచాడు. భీమవరంవాడి సముద్రం పరాయివాళ్ల పాలు కాకూడదని నేనూ పెంచాను. చివరకు నేనే గెలిచాను. మెడలో దండ పడింది. బొమ్మ అసలుదని ఎర్ర సీలు వేసిన ఉర్దూ కాగితం ఒకటి చేతిలో పెట్టారు. బయటికొస్తూ చూస్తే ఎర్ర రుమాలు మనిషి మిగతా పటాలను పాన్‌వాడి ఎడ్లబండికెక్కిస్తున్నాడు. ఓడిపోయి కూడా సాయం చేస్తున్నాడే, ఎంత మంచివాడో అనుకున్నాను.

బస్సు టాపు మీద ఓడను ఇంటికి చేర్చాను. మా ఆవిడ నన్ను చూసింది, ఓడను చూసింది. "బిందెడు నీళ్లు తెమ్మంటే సముద్రం తెచ్చారేమండీ?" అంది. నవ్వలేదు.

ఆదివారం మామగారు దిగారు. చెప్పులు విడిచి నేరుగా బొమ్మ ముందు నిలబడ్డారు.

"ఎవరిది అల్లుడూ?"

"హర్రాజు గారిది, మావయ్యగారూ."

ఆయన ఒక క్షణం తడబడ్డారు. డ్రాయింగు మాస్టారు తెలీదని ఎలా అంటారు? "ఓ, హర్రాజా! నీళ్లు వెయ్యడంలో దిట్ట" అన్నారు.

సరిగ్గా అప్పుడే కర్దనూర్ కుర్రాడు మామగారి కోసమని జొన్నరొట్టెలు పట్టుకుని వచ్చాడు. "హర్రాజు గారు మావైపువాడేనోయ్" అని నేను గొప్పగా పరిచయం చేశాను.

వాడు రొట్టెలు మంచం మీద పెట్టి, నన్నొకసారి, మామగారినొకసారి చూశాడు. "గారేంది అన్నా? హర్రాజంటే మనిషి గాదే! మీరు వేలంపాట అంటరు సూడు, గదే హర్రాజు."

బొమ్మ అసలుదని రుజువుందంటూ నేను కాగితం తీశాను. వాడు ఎర్ర సీలు కాగితం తీసుకుని చదివాడు. వాడిది ఉర్దూ చదువు. "ఇండ్ల పటం ముచ్చటే లేదు. ఎవల్దో ఎద్దుకు పశువుల దవాఖాన్ల సూదేసిన్రని రాసున్నది."

మామగారు చాకుతో ఫ్రేము మేకు లేపారు. ఓడ కింద, చెక్క చాటున, ఫిబ్రవరి నెల మొత్తం ఉంది. క్యాలెండరు బొమ్మకు వార్నిష్ కొట్టారు!

"నీళ్లు వెయ్యడంలో దిట్ట" అంది మా ఆవిడ నెమ్మదిగా, వాళ్ల నాన్నను చూస్తూ. ఆ పైన నవ్వింది. ఈ ఊరొచ్చాక మొదటిసారి, గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మామగారు ఆ నవ్వు విన్నారు, సంచీ భుజాన వేసుకున్నారు. "ఇల్లు బాగానే ఉందమ్మాయ్, నేను వెళ్లొస్తా" అన్నారు.

ఇక ఒప్పుకోలు. ఎద్దు కాగితం నేనే పుట్టించానని మీరు అనుకుంటారు. లేదు, అది అక్షరాలా నిజం. నేను పుట్టించింది ఆ నవ్వు, దాని వెనక మామగారి మాట. ఆ రోజు ఆమె నవ్వలేదు. ట్రంకు పెట్టె సర్దుకుని, సాయంత్రం బస్సుకు వాళ్ల నాన్న వెంట వెళ్లిపోయింది. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ బస్సు దగ్గరికి రాగానే నాకు ఆమెను నవ్వించాలనిపిస్తుంది.

నలభై రోజులకు ఒక్కతే తిరిగొచ్చింది. నేను డ్యూటీ దిగి వస్తుంటే, బస్సు స్టాపు దాటిపోతోంది. లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది. "ఏయ్ కండక్టరన్నా, జెర ఆపుండ్రి, గిక్కడనే దిగుత!"

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "వెళ్లేటప్పుడు పక్కింటావిడ నేర్పింది, తిరిగి రావడానికి పనికొస్తుందని" అంది.