చప్పుడు మాస్టారు

వాలీబాల్ నేర్పే మాస్టారికి బంతే పంచప్రాణాలని ఎవరైనా అనుకుంటారు. చప్పుడు మాస్టారికి మాత్రం బంతి ఎటు పోయినా పట్టేది కాదు. ఆయనకి కావలసిందల్లా ఒకటే. పైకెగిరిన పిల్ల చప్పుడు లేకుండా కిందికి దిగాలి. ధన్‌మని దిగిందంటే చాలు, చెవులు రెండూ మూసుకుని, పన్ను సలుపుతున్నవాడిలా మొహం పెట్టి, "చప్పుడు!" అనేవారు. అదీ గుసగుసగానే.

జట్టులోకెల్లా పొడుగైన పిల్లని అందరూ నిచ్చెన అనేవారు. కళ్ళనిండా కలలతో వచ్చింది.

"స్మాష్ కొట్టడం నేర్చుకుందామని వచ్చాను మాస్టారూ."

"కొడుదువుగానిలే. ముందా బల్ల మీంచి దూకు."

దూకింది. మేడ మీది ఆ హాల్లో కిటికీ అద్దాలన్నీ గజగజలాడాయి.

"చప్పుడు! తల్లీ, దిగావా, రాలిపడ్డావా?"

అంతే, పొద్దున పూటలన్నీ కాళ్ళకే అంకితం. బంతి ముఖం చూసేది సాయంత్రం, మైదానంలోనే. మునివేళ్ళు ముందు ఆనాలి, తర్వాత మడమ. మోకాళ్ళు లోపలికి వాలకూడదు. వెనకాల కుర్చీ ఉన్నట్టు మెల్లగా కూర్చోవాలి, అంతకన్నా మెల్లగా లేవాలి. అలిసిపోయామంటే గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఆయన లెక్కలో అది విశ్రాంతి.

కుట్టుపని చేసే నిచ్చెన వాళ్ళమ్మ ఓ రోజు మేడెక్కి వచ్చింది.

"తొడలు పట్టేసి మా పిల్ల మెట్లు దిగలేకపోతోందండీ. ఊళ్ళో ఇంకో జట్టులో పిల్లల చేత ఇసుక మూటలు మోయిస్తున్నారట. ఆ మూటలేవో మోయించి, ఈ దిగుడు మానిపించకూడదూ?"

"ఎదిగే ఎముకలమ్మా! వాళ్ళ ఒంటి బరువు వాళ్ళకి చాలు. దాన్ని నెమ్మదిగా దించుకోవడం వస్తే, ఎగరడం దానంతటదే వస్తుంది. ఇవాళకి విశ్రాంతి ఇస్తాలెండి."

ఆవిడ తల ఊపి, చెప్పులు టపటపలాడిస్తూ వెనక్కి తిరిగింది.

"చప్పుడు!"

పాపం, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళింది.

రానురాను నిచ్చెనకి ఆ పొద్దులు కలలో జరుగుతున్నట్టుండేవి. కిటికీల్లోంచి మంచు వెలుగు పాలలా పరుచుకునేది. ఆ వెలుగులో పిల్లలు లేచేవారు, ఒక్క క్షణం గాల్లో ఆగేవారు, దూదిపింజల్లా వాలేవారు. ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. తనకి బరువన్నదే లేదేమో అనిపించేది. ఇంతలో ఎడమకాలు తడబడి ధన్‌మనేది.

ఓ పొద్దున పెందరాళే వచ్చిన నిచ్చెనకి మెట్ల దగ్గర మాటలు వినిపించాయి. హాలు కింద గదిలో అద్దెకుండే నర్సు ఆస్పత్రి నుంచి వచ్చి తాళం తీస్తోంది. మాస్టారు పక్కనే నిలబడి ఉన్నారు.

"నిన్న నిద్ర పట్టిందా తల్లీ?"

"హాయిగా పట్టింది మాస్టారూ. ఒక్కసారి మాత్రం నెత్తిమీద ధన్‌మంది."

"మా నిచ్చెన. దాని ఎడమకాలికింకా బలం చాలదు. ఇవాళ ఆ కాలి సంగతి చూస్తాను."

నర్సు లోపలికి వెళ్ళాక నిచ్చెన ముందుకొచ్చింది. "అయితే మీ పద్ధతంతా ఆవిడ నిద్ర కోసమా?"

మాస్టారు దొంగలా నవ్వారు. "రాత్రంతా రోగుల దగ్గర మేలుకునే పిల్ల. మీ గెంతులకి కంటిమీద కునుకు లేక, ఇంటాయనతో చెప్పి హాలు ఖాళీ చేయిస్తానని పైకొచ్చింది. మీకా వేరే చోటు లేదు, ఆమెకా వేరే గది లేదు. నన్నేం చెయ్యమంటావు?"

"మాతో చెప్పొచ్చుగా!"

"చెబితే మొహమాటపడి ఎగరడం మానేస్తారు. మీరు ఎగరాలమ్మాయ్! అయినా, కాళ్ళు గట్టిపడ్డాయా లేదా?"

ఎందుకు పడలేదు! ఆ ఏడు జట్టు ఫైనల్‌కి వెళ్ళింది.

పెద్ద స్టేడియంలో ఆట మొదలయ్యే ముందు మాస్టారు ఉదారంగా సెలవిచ్చారు. "ఇక్కడ కింద ఎవరూ పడుకోలేదు. ఇవాళ మీ ఇష్టం, ఎంత చప్పుడైనా చేసుకోండి."

ప్రయత్నించారు. ఒక్కరికీ చేతకాలేదు. అవతలి జట్టు ధన్‌ధన్‌మని దిగుతూ, ఆట ముదిరేకొద్దీ మోకాళ్ళు పట్టుకుంది. వీళ్ళు మాత్రం మొదటి సర్వీసుకి ఎంత ఎత్తు లేచారో చివరిదాకా అంతే లేచారు. ఆఖరి పాయింటుకి నిచ్చెన లేచింది. వల కిందికి జారింది, దీపాలు దగ్గరికొచ్చాయి, బంతి తన కోసమే గాల్లో ఆగినట్టుంది. కొట్టింది.

గెలిచారు! కేక పెట్టబోతుంటే మాస్టారు రెండు చేతులూ ఎత్తి, ప్రాణం పోతున్నట్టు గ్యాలరీ వైపు చూపించారు. డ్యూటీ దిగి తిన్నగా ఆట చూడ్డానికొచ్చిన నర్సు, స్తంభానికి తల ఆనించి ఆదమరిచి నిద్రపోతోంది.

నోళ్ళు తెరుచుకున్నాయి గానీ కేక బయటికి రాలేదు. పిల్లలందరూ ఒకరినొకరు వాటేసుకుని, మునివేళ్ళ మీద గిరగిరా తిరుగుతూ మౌనంగా పండగ చేసుకున్నారు.

రెఫరీ అయోమయంగా దగ్గరికొచ్చాడు. "ఏమ్మా, గెలిచింది మీరే కదా?"

"మేమేనండీ," అంది నిచ్చెన, వేలు పెదవుల మీద పెట్టుకుని. "కాస్త మెల్లగా మాట్లాడండి."