జాజు పూసిన గీత

డెబ్బైల చివరలో మద్రాసు వైపు ఒక ఆసుపత్రిలో మా వారికి ఆయన తల్లి కిడ్నీ పెట్టారు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా మాత్రలిచ్చారు. వాటితో రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుందనీ, ఏ క్రిమీ సోకకుండా చూసుకోమనీ చెప్పి పంపారు.

నాంపల్లిలో మా అద్దె ఇంట్లో నీళ్లు కాచకుండా ఎవరం తాగలేదు. ఆయన ఆబిడ్స్‌లోని ఆఫీసుకు సీసాతో నీళ్లు పట్టుకెళ్లేవారు. దారిలో ఇరానీ చాయ్ మానేశారు. అదొక్కటే ఆయనకు కష్టమైంది.

ఒక ఆదివారం ఆయన చొక్కా లేకుండా వరండాలో కూర్చున్నారు. నడుము మీద ఎర్రటి గీత, దురద. ఇంటి యజమానురాలు, మేము అక్క అనే పెద్దావిడ, బియ్యం ఏరుతూ చూసింది. కాసేపయ్యాక మళ్లీ చూసింది.

"ఏంది సారూ, గది జరిగింది. ఇందాక గీడుండె, ఇప్పుడు గాడికి పోయింది. సర్పి గది, పాము లెక్క ఒళ్లు సుట్టుకుంటది. జాజు పూస్తె తగ్గుతది."

"మీ సర్పికి నా నడుమే దొరికిందా అక్కా?"

"నవ్వుండ్రి. నడుము సుట్టుకున్నంక నేను నవ్వుత."

గడపలకు పూసే ఆ ఎర్రమట్టినే నీళ్లలో కలిపి తెచ్చింది. ఆయన కాదనలేదు. గీత పోయింది, కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది, అక్క మళ్లీ పూసింది. ఆసుపత్రికి పరీక్షకు వెళ్లే రోజు మాత్రం ఆయన జాజును సబ్బుతో రుద్ది కడుక్కున్నారు.

"డాక్టరు ముందు ఈ రంగుతో నిలబడమంటావా?" అన్నారు. ఆ రోజు గీత కూడా లేదు. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

తర్వాత కడుపునొప్పి, ఆయాసం. కిడ్నీకే ముప్పు వచ్చిందనుకుని ఆ కిడ్నీ మాత్రలే పెంచారు. చివరికి ఒక లేడీ డాక్టరు కఫంలో పురుగులు చూసింది.

"ఈయన చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగేవారా అమ్మా?"

"గోదావరి పక్కన పొలాల్లో పెరిగారండీ."

ఆ పురుగు తడిమట్టిలోంచి అరికాలి గుండా ఎక్కి, ఏళ్ల తరబడి పేగుల్లో అణిగి ఉంటుందట. ఆ మాత్రలు వేసుకునేవాళ్లలో అదుపు తప్పుతుందట. మందు మొదలుపెట్టారు. అప్పటికే ఒళ్లంతా పాకింది. వారం తిరగకుండా ఆయన పోయారు.

కర్మలన్నీ అయ్యాక అక్క వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"జాజు పూసి నేనే ఖరాబ్ జేసిన్నా చెల్లె?"

"లేదక్కా. డాక్టరును అడిగాను. జాజు వల్ల కాదంది. ఆ గీత పురుగుదేనట. చర్మం కింద పాకుతుందట."



"గట్లయితె అది జరుగుడు నేను జూసింది నిజమే."

"ఔ," అన్నాను.

ఆమె లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది.