సహజంగా తిట్టు, పెద్దమ్మా

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, సూర్యాపేటలో మా వీధికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. నాకు తెలివి ఆ మాత్రం కూడా వచ్చేది కాదు. మిర్యాలగూడలో డిగ్రీ అయిందనిపించుకుని, పెద్దమ్మ ఇంట్లో తింటూ, ఆమె మాటతీరుకు సిగ్గుపడుతూ ఉండేవాణ్ణి. (తిండికి మాత్రం సిగ్గుపడలేదు.) అప్పుడు దిగాడు హైదరాబాదు నుంచి ఒక పరిశోధకుడు. భుజాన ఎప్పుడూ టేపురికార్డరు వేలాడేది కాబట్టి అందరూ టేపు సారనేవారు. బజారులో మనిషి చేసే ప్రతి పనీ ఒక ప్రదర్శనేనని ఆయన సిద్ధాంతం. నాకు ముక్క అర్థం కాలేదు, అందుకే చాలా గొప్పదనుకున్నాను. "అసలు సిసలు నల్లా కొట్లాట ఒకటి రికార్డు చేయించు, యూనివర్సిటీలో నీ సీటుకు సిఫారసు ఉత్తరం రాస్తాను" అన్నాడు. అంతటితో నా భవిష్యత్తు వెళ్ళి పెద్దమ్మ నోట్లో పడింది.

పెద్దమ్మకూ ఎదురింటి కోదాడక్కకూ నల్లా దగ్గర ఎప్పుడూ యుద్ధమే. "రేపు కూడా సహజంగా తిట్టు పెద్దమ్మా" అని బతిమాలాను. "సహజంగ అంటె ఎట్లరా?" అందామె. (డిగ్రీలో ఆ పాఠం లేదు.) తెల్లారి ఇద్దరూ పెళ్ళిళ్ళకు కట్టే చీరల్లో వచ్చారు. టేపు తిరగడం మొదలైంది. "ముందుగాల నువ్వు పట్టుకో చెల్లె" అంది పెద్దమ్మ. "పెద్దవారు మీరుండగా నేనా? మీరే కానియ్యండి అక్కయ్యా" అంది కోదాడక్క. నీళ్ళన్నీ మోరీలోకి పోతున్నాయి. వాటి వెంట నా సీటూ పోతోంది.

విసుగెత్తిన టేపు సారు సంచిలోంచి కెమెరా తీసి, ఫొటోకు అడ్డమని, వరసలో పెట్టిన ఖాళీ బిందెలను కాలితో పక్కకు నెట్టాడు. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టేనని ఆ మహాపండితుడికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా, ఆయన మెప్పు కోసం, నేనూ వంగి రెండు జరిపాను.

పెద్దమ్మ ఆయన్ని వదిలేసి నా మీదికే వచ్చింది. "తాగే నీళ్ళకాడ తమాష సూస్తున్నవారా? ఆయనకైతె తెల్వది, నీకేమైంది? థూ, సదువుకున్నోడా!" కోదాడక్క నల్లా కింద బిందె పెట్టి నింపి, ఎత్తి సారు నెత్తిన కుమ్మరించింది. ఆయన రికార్డరును గుండెలకు అదుముకుని బస్టాండు దాకా పరుగు.

ఉత్తరం రాలేదు. నెల తర్వాత కేసెట్ ఒకటి పోస్టులో వచ్చింది, 'ఇందులో పనికొచ్చేది లేదు' అన్న చీటీతో. తర్వాత నేనే ఎలాగో చదివి లెక్చరర్‌నయ్యాను, ఆయనలాగే అర్థం కాని మాటలతో పొట్టపోసుకున్నాను. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఎవరైనా నాకు శాలువా కప్పి పంపిన రోజున ఆ కేసెట్ పెట్టుకుని వింటాను. చీరల మర్యాదలన్నీ అయ్యాక ఆమె గొంతు లేస్తుంది. టేపు అరిగిపోయి చివరి మాట వినపడదు. అక్కడ నేనే అందుకుంటాను, ఒకప్పుడు సిగ్గుపడిన ఆ యాసలోనే: "థూ, సదువుకున్నోడా!"